ఫిబ్రవరి పేజీలో సగం సామెత

పైన్ వాగు, సరిహద్దు కొండలు
1756 ఆగస్టు 9

తబితక్కకి,

నువ్వు పంచాంగానికి సామెతలు పంపమన్నావు. నేను మూడు శవాలు పాతిపెట్టి వచ్చి కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే తిట్టకు.

డంకన్ లాఫ్లిన్ నీకు గుర్తుండే ఉంటాడు. నా పెళ్ళిలో తప్పతాగి మేకపోతుతో చిందులేసినవాడు. శుక్రవారం వాడి భార్య ఇసొబెల్‌నీ, ఇద్దరు పిల్లల్నీ చంపేశారు.

ముందురోజు పొద్దునే బుట్టల రూతు వచ్చి మా కంచె గుంజకి బుట్ట బోర్లించి పోయింది. రూతు గురించి నీకు రాశానుగా. వాగు అవతల గూడెంలో ఉండే డెలావేర్ జాతి ముసలామె. బుట్టలూ చీపుళ్ళూ అల్లి మాకు అమ్ముతుంది. మా పెద్దాడికి మంత్రసాని ఆవిడే. బుట్ట బోర్లించిందంటే ఉత్తరాది తెగల మూక నది దాటింది, దాక్కోండి అని అర్థం. మేమంతా పిల్లాజెల్లాతో దుంగల కోటలోకి పోయాం. డంకన్ రాలేదు. మీరు అచ్చేసే టోబియాస్ పంచాంగంలో ఆ మూడు రోజులకీ 'గడ్డి కోతకు మేలు' అని ఉందట. "ముసలి టోబియాస్ కంటే ఈ బుట్టల ముసల్దానికి ఎక్కువ తెలుసా?" అని కొడవలి భుజాన వేసుకుని పోయాడు.

వాడు అవతలి మైదానంలో ఉండగా పొగ లేచింది. ఇసొబెల్ గడప మీద పడి ఉంది. జుట్టు చర్మంతో సహా ఒలిచేశారు. పెద్దపిల్లని గోడకేసి కొట్టారు. నాలుగేళ్ళవాడు వెన్న చిలికే పీపా వెనక దాక్కున్నాడు, పీపాలోంచి గొడ్డలి దిగింది. నేనూ డంకనూ కలిసి బయటికి తీశాం. ఇసొబెల్ తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, రక్తమైన నా చొక్కా నీ మరదలు ఫీబీ కాల్చేసింది. డంకన్ ఏడవలేదక్కా. గుంటలు పూడ్చాక కొడవలి తీసుకుని పోయి మిగిలిన గడ్డంతా కోశాడు. అరచేతులు చిట్లి పిడి ఎర్రబడినా ఆపలేదు. దగ్గరికి పోవడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

ఇక నీ సామెతలు. అన్నీ రూతువే, నా సొంతం ఒక్కటీ లేదు.

ఉల్లిపొర మందమైతే చలి మందం.

ఉడుత ఎత్తున గూడు కడితే గొంగళ్ళు రెండు వెతుక్కో.

మంచు మీద ఉరిమితే ఏప్రిల్లో వాగు గట్టు దాటుతుంది.

తోడేలు పిల్లని వదిలితే తోడేలే అవుతుంది. తోడేలనుకుని కుక్కపిల్లని చంపితే ఆ తోడేలుకి తలుపు తీసినట్టే.

ఈ చివరిది మొన్న వేసవి మొదట్లో మా వాకిట్లో కూర్చుని చెప్పింది. ఫీబీ బఠాణీలు ఒలుస్తోంది, నేను గొడ్డలి నూరుకుంటున్నాను. ఫీబీ నవ్వి, "మా ఆయన్ని ఏం చేయాలో చెప్పలేదే?" అంది. "అతను ఆ రెంటిలో ఏదీ కాదు, పంది" అంది రూతు.

నీ తమ్ముడు
గిడియన్


ఫిలడెల్ఫియా, అచ్చు గది
1756 సెప్టెంబరు 12

గిడియన్‌కి, ఫీబీకి, పిల్లలకి,

నీ ఉత్తరం చదివాక ఆ పూట పొయ్యి వెలిగించలేదు. పోయిన ఏడు ఇసొబెల్ పంపిన మేపుల్ పంచదార గడ్డ ఇంకా డబ్బాలోనే ఉంది. తినబుద్ధి కాదు, పారేయబుద్ధీ కాదు.

ఒరేయ్, ఆ గడ్డి కోత మాట వేసింది నేనే. ముఖపత్రం మీద ఆ గడ్డపు ముసలాడి బొమ్మే తప్ప టోబియాస్ అనేవాడు లేడని నీకూ నాకూ మా ఆయన కాలెబ్‌కీ తప్ప ఇంకెవరికీ తెలియదు. నేను కాలెబ్‌ని అడిగాను, మన మాట పట్టుకుని ఒకడు పెళ్ళాం బిడ్డల్ని పోగొట్టుకున్నాడు, ఏం చేద్దాం అని. "చంపింది మనమా?" అన్నాడు. అనేసి సిరా కలపడానికి పోయాడు.

నా పని ఎలా ఉంటుందో నీకు చెప్పలేదు కదూ. నెలకొక పేజీ. ఎడమ పక్క తేదీలు, కుడి పక్క సూర్యుడూ చంద్రుడూ. మధ్యలో వేలెడంత సందు. వానలు, ఎండలు, సామెతలు అన్నీ ఆ సందులోనే ముక్కలై తేదీల పక్కన ఒకదాని కింద ఒకటి దిగాలి. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఏదో ఒకటి కూరుతాను. మంచి రోజూ లేదు, చెడ్డ రోజూ లేదు. మీ ఊళ్ళో మాత్రం పందిని కోయాలన్నా జబ్బుకి రక్తం తీయించుకోవాలన్నా మా పేజీ చూడందే కత్తి ముట్టరు. ఒక్కోసారి నవ్వొస్తుంది, ఒక్కోసారి భయమేస్తుంది.

రూతు తోడేలు మాట నాకు భలే నచ్చింది. ఫిబ్రవరి పదిహేను పక్కన ఖాళీ దొరికితే అక్కడ వేశాను. చోటు లేక కాస్త కురచ చేశాను, ఏమనుకోవద్దని చెప్పు. ఆవిడకి ఒక సూదుల పొట్లం పంపుతున్నాను, నువ్వు కాజేయకు.

అక్క
తబిత


పైన్ వాగు
1757 జనవరి 17

అక్కా,

సూదులు రూతుకి ఇచ్చాను. పంచాంగం కూడా అందింది. మూలన చిల్లు పొడిచి, తాడు కట్టి, పొయ్యి పక్కన మేకుకి తగిలించాను. ఈ వాగు పొడుగునా పాస్టరు కాక చదవడం వచ్చినవాడిని నేనొక్కడినే కదా, ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే అందరూ మా ఇంటికే వస్తారు. ఆ వారం ముక్క నేను చదవాలి, వాళ్ళు వినాలి. పాస్టరు ప్రసంగానికి కునుకు తీసేవాళ్ళు కూడా టోబియాస్ మాటకి చెవులు రిక్కించి కూర్చుంటారు. పాస్టరుకి కడుపుమంట.

ఫిబ్రవరి పేజీ ముందే తిరగేసి చూశాను. సామెత తోక కోసేశావు. 'తోడేలు పిల్లని వదిలితే తోడేలే అవుతుంది' దగ్గర ఆపేశావు. రూతుకి చదివి వినిపించాను. నవ్వింది. "తోక కోసిన జంతువు ఎటు దూకుతుందో దానికే తెలియదు" అంది. మీ అక్క కత్తెర బాగా ఆడిస్తుందే అని కూడా అంది.

డంకన్ ఇప్పుడు ముందు బల్ల మీద కూర్చుంటాడు. పొద్దస్తమానం రమ్ము కంపు. ఇసొబెల్ దువ్వెన మెడలో వేసుకుని తిరుగుతున్నాడు.  వాడి నోట ఇప్పుడు ఒకటే పాట. దాడి సంగతి రూతుకి ముందే ఎలా తెలిసింది? తెలిసిందంటే వాళ్ళతో పొత్తు ఉన్నట్టే కదా? మొదట్లో అందరూ విని ఊరుకునేవాళ్ళు. ఇప్పుడు తలలూపుతున్నారు. నేను ఒకసారి, "ఆవిడ చెప్పబట్టే కదరా మనం బతికాం" అన్నాను. "మనం అనకు, నువ్వు బతికావు" అన్నాడు. 

చలి ఎముకలు కొరుకుతోంది. రూతు ఉల్లిపొర సామెత నిజమైంది.

గిడియన్


ఫిలడెల్ఫియా
1757 మార్చి 6

గిడియన్,

నిన్న మార్కెట్లో గొర్రె తలకాయ కొట్టించుకుంటున్నాను. కసాయి కత్తి ఎత్తి, "తోడేలు పిల్లని వదిలితే తోడేలే అవుతుంది, టోబియాస్ ఊరికే అన్నాడా?" అని దించాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఏమిటి సంగతి అని అడిగాను. పైన్ వాగు మగాళ్ళు ఏదో బుట్టలల్లే గూడెం మీద పడి తొమ్మిది మందిని నరికారట, పసిపిల్లల్ని కూడా వదల్లేదట, ఈ మాట అంటూ నరికారట. తేదీ కూడా చెప్పాడు. ఫిబ్రవరి పదిహేను.

నా చేతిలో ఉన్నది నువ్వు పంపిన బుట్ట, రూతు అల్లిందే. కింద పెట్టలేకపోయాను, పట్టుకోలేకపోయాను.

ఏం జరిగింది? రూతు ఏమైంది? నువ్వెక్కడున్నావు ఆ రోజు? మూడే అడుగుతున్నాను. వాతావరణం గురించి రాయకు.

తబిత


పైన్ వాగు
1757 మార్చి 28

అక్కా,

నువ్వు విన్నది నిజం. రూతు పోయింది.

నేను ఆ రోజు మంచంలో ఉన్నాను. జ్వరమొస్తే ముందురోజే రక్తం తీయించుకున్నాను, లేచి నిలబడలేని స్థితి. తరువాత వాళ్ళూ వీళ్ళూ చెప్పుకోగా విన్నది రాస్తున్నాను.

డంకన్ వెంట పదహారు మంది. తెల్లవారి వెలుగు బాగా వచ్చాక గుర్రాల మీద వాగు దాటారు. మంచు మోకాలి లోతు. గూడెంలో పొయ్యిలు అప్పుడే రాజేస్తున్నారు. ఎవరూ పారిపోలేదు, మనవాళ్ళని చూసి బుట్టలు కొనడానికి వచ్చారనుకున్నారు. రూతు అల్లుతున్న బుట్ట చేత్తో పట్టుకుని బయటికి వచ్చింది. ఒక కాలికి చెప్పు లేదు, ఆ కాలు మంచులో పెట్టలేక రెండో కాలి మీద ఆనించి నిలబడింది. డంకన్ వెనకనుంచి గొడ్డలితో కొట్టాడు. మొదటి దెబ్బకి పడలేదు. రెండో దెబ్బకి పడింది. ఆమె మొగుడు కుంటి జేకబ్ మోకాళ్ళ మీద కూర్చుని ప్రభువు ప్రార్థన చెబుతున్నాడు, 'మా అపరాధములు' అనే మాట దగ్గర తుపాకి మడమతో పుర్రె పగలగొట్టారు. కూతురు లిడియా పిల్లని చంకనేసుకుని గుడిసెలోకి దూరింది. తలుపు పగలగొట్టుకుని పోయారు. పిల్ల వంతు వచ్చినప్పుడు ఒకడు వెనకాడాడట. అప్పుడు డంకన్ ఆ సామెత అన్నాడు. మిగతావాళ్ళు కూడా అందుకున్నారు, గుళ్ళో పాట అందుకున్నట్టు. ఆ తరువాత ఇంకెవరూ వెనకాడలేదు.

న్యాయాధికారి వచ్చి వెళ్ళాడు. ఎవరూ ఏమీ చూడలేదని అందరూ చెప్పారు.

నన్ను ఇంకేం అడగకు అక్కా.

గిడియన్


ఫిలడెల్ఫియా
1757 ఏప్రిల్ 20

తమ్ముడూ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఏం రాస్తున్నానో నాకే తెలియడం లేదు.

ఆవిడ మాటనే కోసి, ఆవిడ మెడ మీదకే పంపించాను. తోక కోసేశావు అని నువ్వు రాసినప్పుడు నవ్వుకున్నాను కూడా. పదిహేనో తేదీ పక్కన వేయమని నాకెవరు చెప్పారు? ఖాళీ ఉంది, వేశాను. పందుల్ని కోసే రోజు చూసుకున్నట్టే వాళ్ళు నా పేజీలో మనుషుల్ని కోసే రోజు చూసుకున్నారు. చోటు ఇంకో వేలెడు ఉండి ఉంటే, రెండో సగం కూడా నువ్వు చదివేవాడివి, వాళ్ళు వినేవాళ్ళు. ఆ తొమ్మిది మంది రక్తం నా చేతి సిరాలో ఉంది. ఎంత కడిగినా సిరా ఎలాగూ పోదు, ఇది అసలే పోదు.

కాలెబ్‌కి పండగలా ఉంది. సరిహద్దు ఊళ్ళన్నీ మా పంచాంగమే కావాలంటున్నాయి. "అలాంటివే ఇంకో పది రాయి, కురచగా, కరిచేలా" అన్నాడు. సిరా గిన్నె వాడి మీదకి విసిరాను. తగల్లేదు.

ఒక మాట. మంచంలో పడున్నవాడివి, రూతు ఏ కాలి మీద నిలబడిందో నీకెలా తెలుసు? ఎవరైనా చెప్పారంటావా? గొడ్డలి పట్టుకుని పోయినవాడు చెప్పుల గురించి చెబుతాడా?

జవాబు రాయడానికి తొందరేం లేదు. కానీ రాయి.

తబిత


పైన్ వాగు
1757 సెప్టెంబరు 18

అక్కా,

ఐదు నెలలు నీకు రాయలేదు. ఈ రోజు కూడా ఫీబీ ఎదురుగా కూర్చుంది కాబట్టి రాస్తున్నాను.

ఆగస్టు ఇరవైన మా మీద దాడి జరిగింది. కంచె గుంజ మీద ఏ బుట్టా లేదు. బోర్లించేవాళ్ళు లేరు. మేము పొలంలో బార్లీ మోపులు కడుతున్నాం. మొదటి తూటా మా పక్కింటి ముసలాయన నోట్లోంచి పోయింది. ఆ రోజు ఆరుగురు పోయారు. పిల్లలు మొక్కజొన్న చేలో పడుకుని బతికారు. ఫీబీ పిల్లలకి అడ్డం పరిగెత్తి దొరికిపోయింది. ఒకడు వీపు మీద మోకాలు వేసి తొక్కి, బతికుండగానే నెత్తి ఒలిచాడు. చచ్చిందనుకుని వదిలేశాడు. చావలేదు. ఎముక కనిపిస్తోంది అక్కా. కోట వైద్యుడు బూట్ల మేస్త్రీ సూదితో ఆ ఎముకకి దగ్గర దగ్గరగా చిల్లులు పెట్టాడు, అందులోంచి కొత్త కండ పడుతుందట. ఆ పని జరిగినంతసేపూ నేను దాని చేతులు పట్టుకున్నాను. అది నా ముఖం చూస్తూ ఒకే మాట అంది. "మీ అక్కకి రాశావా?"

ఇంటికి వచ్చాక మళ్ళీ అడిగింది. లేదన్నాను. "నేను రాయలేనని ధైర్యంగా ఉన్నావేమో, పాస్టరు చేత రాయిస్తాను" అంది.

రాస్తున్నాను. ఫిబ్రవరి పదమూడు ఆదివారం. మా ఇంట్లో పదిహేడు మంది మగాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు. వారం ముక్క చదివాను. సోమవారం మబ్బు, మంగళవారం నుంచి తోడేలు సామెత మొదటి సగం. అది చదవగానే డంకన్ లేచి నిలబడ్డాడు. మంగళవారమేనా అన్నాడు. అవునన్నాను. "దాని తరువాత ఏముంది? అంతేనా?" అని అడిగాడు.

రెండో సగం నాకు తెలుసు. నేనే నీకు పంపాను. ఫీబీకి కూడా తెలుసు, మూల నిలబడి నన్నే చూస్తోంది. పేజీలో లేకపోతే ఏం, వాళ్ళకి చదవడం వచ్చా? నేను ఏం చదివితే టోబియాస్ అదే అన్నట్టు. నోరు తెరిస్తే చాలు.

"అంతే" అన్నాను.

భయపడ్డాను అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే కానీ సగమే. ఇసొబెల్ తల మోసిన బరువు నా తొడల మీద ఇంకా ఉంది. నాకు కూడా ఎవరినో ఒకరిని చంపాలనే ఉంది అక్కా.

జ్వరం అబద్ధం. నేనూ వెళ్ళాను. వాగు అవతలి గట్టున గుర్రాలు పట్టుకున్నాను. రూతు గుడిసెలోంచి వచ్చి, అంతమందిలో నన్ను చూసి, నా వైపే నడిచింది. "ఇంత పొద్దున్నే ఏమిటి గిడియన్, ఎవరికి నొప్పులు?" అంది. మంత్రసాని కోసం వచ్చామనుకుంది. మొదటి దెబ్బ పడ్డాక నా కోటు పట్టుకుంది. ఆ వేళ్ళు నేనే విడదీశాను, ఒక్కొక్కటిగా. వేళ్ళకి ఇంకా గడ్డి నార చుట్టుకుని ఉంది.

నువ్వు ఐదు నెలలు ఆ పాపమంతా నీ నెత్తినేసుకుని ఏడుస్తుంటే నేను మోయనిచ్చాను. అది ఇంకా పెద్ద తప్పని ఫీబీ అంటోంది.

గిడియన్


ఫిలడెల్ఫియా
1757 నవంబరు 2

గిడియన్,

ఫీబీకి చెప్పు, దానికి మెత్తటి నార టోపీలు ఆరు కుట్టి పంపుతున్నాను, లోపలి కుట్లు ఎముకకి తగలకుండా బయటికి తిప్పాను.

నీ ఉత్తరం చదివి నిన్ను అసహ్యించుకుందామని కూర్చున్నాను. రెండు రోజులు బాగానే అసహ్యించుకున్నాను. మూడో రోజు పాత ఫిబ్రవరి పేజీ తీశాను. నేను కూడా నీకు ఒక అబద్ధం చెప్పాను. చోటు లేక కోశానన్నాను. చోటు ఉంది. పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై, మూడు తేదీలు ఖాళీ. అక్కడ 'బహుశా మంచు' అని వేశాను. రెండో సగం వేస్తే సామెత మెత్తబడిపోతుంది అనిపించింది. మొదటి సగం ఒక్కటే ఉంటే పట్టుకుని కరుస్తుంది, జనం తలుచుకుంటారు అనుకున్నాను. తలుచుకున్నారు.

కాబట్టి నువ్వు నాకు తమ్ముడివే. ఒకే కత్తెరకి రెండు రేకులం.

కొత్త పంచాంగం అచ్చయిపోయింది. ఫిబ్రవరి పేజీ అక్షరాలు నేనే పేర్చాను, కాలెబ్ కాగితం కొనడానికి పొరుగూరు పోయిన వారంలో. సామెత మొత్తం వేశాను, తోకతో సహా, కింద 'బుట్టల రూతు మాట' అని. ఆ తరువాత పదిహేను నుంచి ఇరవై మూడు దాకా తేదీకొకరు. రూతు, జేకబ్, లిడియా. మిగతా ఆరుగురి పేర్లు నువ్వు రాయలేదు. పదేళ్ళు వాళ్ళ బుట్టల్లో గుడ్లు పెట్టుకుని, నీకు వాళ్ళ పేర్లు తెలియవని నాకు అర్థమైంది. ఆ తేదీల పక్కన ఖాళీ గీతలు వేశాను.

కాలెబ్ వచ్చి చూసి, "పంచాంగంలో శవాలా?" అని చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లింది, పన్ను కదులుతోంది. నేను, "గడ్డి కోత అని వేసినప్పుడు శవాలు లేవా?" అన్నాను. అప్పటికే కట్టలు బండి ఎక్కాయి. రెండో దెబ్బకి చెయ్యెత్తి మళ్ళీ దించేశాడు.

నీ ప్రతి ఈ ఉత్తరంతోనే వస్తోంది. అదే మేకుకి తగిలించు. ఫిబ్రవరిలో ఆ వారం వస్తుంది. అందరూ వస్తారు. చదవడం వచ్చినవాడివి అక్కడ నువ్వొక్కడివే. ఈసారి అంతేనా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నీకు తెలుసు. నువ్వు చదివితే నాకు తమ్ముడున్నాడు. చదవకపోతే నాకు ఉత్తరం రాయకు.

తబిత


పైన్ వాగు
1758 ఫిబ్రవరి 20

అక్కా,

ఎడమ చేత్తో రాస్తున్నాను, ఓపిగ్గా చదువుకో.

పన్నెండో తేదీ ఆదివారం అందరూ వచ్చారు. ఆగస్టులో పోయినవాళ్ళు పోగా పదకొండు మంది మగాళ్ళు. ఫీబీ నీ టోపీ పెట్టుకుని, ఎప్పుడూ మూల నిలబడేది ఈసారి తలుపుకి అడ్డంగా నిలబడింది. బయటికి పోవడానికి వీల్లేకుండానో, లోపలికి ఎవరూ రాకుండానో, నేను అడగలేదు.

చదివాను. తోడేలు పిల్లని వదిలితే అనగానే నాతో పాటు అందరూ అందుకున్నారు, ఏడాదిగా నోటికి అలవాటైన మాట కదా. డంకన్, "ఇది పాతదే, టోబియాస్‌కి సరుకు అయిపోయింది" అన్నాడు. కొందరు నవ్వి టోపీలు తీసుకున్నారు.

"ఇంకా ఉంది" అన్నాను.

రెండో సగం చదివాను. రూతు మాట అని చదివాను. తేదీలు చదివాను, పేర్లు చదివాను. ఖాళీ గీతల దగ్గర 'పేరు తెలియదు' అని ఆరుసార్లు చదివాను. ఆగస్టులో తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఒకతను నేల చూస్తూ కూర్చుండిపోయాడు. 

డంకన్ నెమ్మదిగా అన్నాడు, "పోయిన ఏడు నిన్ను అడిగాను."

"అడిగావు."

"అంతేనా అన్నాను."

"అన్నావు."

"నీకు అప్పటికే తెలుసు."

"తెలుసు" అన్నాను.

వాడు నా కుడి చెయ్యి పట్టుకుని బల్ల మీద పెట్టాడు. నేను లాక్కోలేదు. నడుముకున్న గొడ్డలి తీసి, తిప్పి మడమతో కొట్టాడు. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు, ఒక్కో దెబ్బకి ఒకటి. మూడోదానికి ఎముక చర్మంలోంచి బయటికి వచ్చింది. ఎవరూ ఆపలేదు. ఫీబీ కూడా ఆపలేదు, ఆపాలని నేను అనుకోలేదు. నేను అరిచానట, నాకు గుర్తు లేదు.

ఆ తరువాత గొడ్డలి కింద పడేసి బల్ల మీద కూలబడ్డాడు. "ఆ రోజు ఆ రెండో ముక్క చెప్పి ఉంటే నేను ఆగేవాడిని కాదేమో" అన్నాడు. మళ్ళీ తనే, "ఆగేవాడినేమో కూడా" అన్నాడు. "నాకు ఇప్పుడు ఎలా తెలుస్తుంది రా?"



మెడలోంచి దువ్వెన తీసి అరచేతిలో పెట్టుకుని, పేజీ చూపించమన్నాడు. చదవడం రాదు కదా, గీతల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే అడిగాడు. ఇదెవరు, ఇదెవరు. మూడు పేర్లు చెప్పాను. నాలుగో గీత దగ్గర వేలు ఆపాడు.

"లిడియా పిల్ల" అన్నాను. "పేరు తెలియదు."

"నాలుగేళ్ళుంటాయి" అన్నాడు. "ఆ పిల్లని నేనే."

ఎవరూ అడగలేదు, వాడే చెప్పాడు. రేపు కోటకి పోయి న్యాయాధికారి ముందు కూడా అదే చెబుతానంటున్నాడు. నేనూ వాడితో పోతున్నాను, గుర్రాలు పట్టుకున్న సంగతి చెప్పడానికి. ఏం చేస్తారో తెలియదు. ఏమీ చేయరని ఫీబీ అంటోంది, అందరూ ఒక తాను ముక్కలే కదా. చేసినా చేయకపోయినా పోతాం.

పంచాంగం మేకుకే ఉంది. నా రక్తం పడి ఫిబ్రవరి ఒక మూల మరకైంది, పేర్లు మాత్రం బాగానే కనిపిస్తున్నాయి. నేను రావడం ఆలస్యమైతే ఆదివారం వారం ముక్క ఎవరు చదువుతారని ఫీబీని అడిగాను. పేర్లు దానికి కంఠతా వచ్చాయి, ఆ మట్టుకు తను చెబుతానంది.

నీ తమ్ముడు
గిడియన్